భూమార్పిడి – బాటహక్కు

ప్రభుత్వ భూమిని ప్రైవేటు భూమితో మార్చుకొనుట పైకి కేవలము ఎకరముల లెక్కగా కనిపించును. ఆ భూమి మీదుగా ప్రజలు నడచు బాట ఉన్నచో ఆ లెక్క అంత సులభముగా తేలదు. అమెరికాలోని మొంటానా రాష్ట్రమున క్రేజీ పర్వతముల విషయమై చెలరేగిన వివాదమును ఇందుకు ఉదాహరణముగా పరిశీలింతము.

ముందుగా చిక్కునకు మూలమును తెలిసికొందము. 1864లో అమెరికా కాంగ్రెసు నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గ నిర్మాణమునకై, దారికి ఇరువైపుల 640 ఎకరముల గడులను ఒకటి విడిచి ఒకటిగా ఆ కంపెనీకి ఇచ్చినది. వానిలో పెక్కు క్రమముగా పశుపోషకుల వశమైనవి. అందుచేత ఆ కొండలు చదరంగపు బల్లవలె కొంత ప్రజలకు, కొంత ప్రైవేటు యజమానులకు చెందియున్నవి. కాలిబాటలు మాత్రము రెండింటిని దాటుచు పోవును.

ఈ చిక్కు విప్పుటకై 2022లో ప్రజాభిప్రాయమునకు వచ్చిన మార్పిడి ప్రతిపాదనను అమెరికా అటవీశాఖ 2025 జనవరిలో ఆమోదించినది. దాని ప్రకారము ప్రజలకు సుమారు 6,430 ఎకరములు వచ్చును. 3,855 ఎకరములు పోవును. 22 మైళ్ల క్రొత్త బాట ఏర్పడును. క్రో జాతివారు పవిత్రముగా భావించు క్రేజీ శిఖరమునకు వారు పోవుటకు వీలు కలుగును. ఇవి స్వల్ప లాభములు కావు.

అయినను పలువురు పౌరులు ఎందులకు వ్యతిరేకించిరి? తూర్పు వైపు పాత పటములలో గుర్తించిన బాటలపై చిరకాలపు వాడుకచేత ప్రజలకు హక్కు కలదనియు, మార్పిడితో అది చేజారుననియు వారి వాదము. వచ్చునది చాలవరకు ఎత్తైన రాతినేల. పోవునది వాగులు, పచ్చికలు, వన్యమృగములు గల పల్లపు భూమి అని వారి రెండవ ఆక్షేపణ.

1976 నాటి ఫెడరల్ భూవిధాన చట్టము ఇట్టి మార్పిడులలో రెండు వైపుల విలువ సమానముగా ఉండవలెననియు, స్వల్ప తేడాను ధనముతో సరిచేయవచ్చుననియు, ప్రజాహితము నెరవేరవలెననియు చెప్పుచున్నది. విలువను మదింపుదారు కట్టగలడు. తరతరములు నడచిన బాటకు ధర కట్టుట కష్టము.

మన దేశపు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము కూడ 20 ఏండ్లు హక్కుగా, నిరాటంకముగా నడచిన దారిపై హక్కును గుర్తించుచున్నది. నడక ఆగినచోట, పటము మరుగైనచోట అట్టి హక్కును రుజువు చేయుట దుర్లభము. కావున విద్యార్థులు తమ ఊరి దారుల పటములను చదువుట, ప్రభుత్వ ప్రకటన వెలువడినపుడు గడువులోగా అభిప్రాయము వ్రాసి పంపుట నేర్వవలెనని మా మనవి.