చరిత్ర ట్యాబు తెరవకుండా మార్కులు వేయకండి

డిగ్రీ పిల్లల చేత తెలుగు వికీపీడియాలో రాయించాను. ఈ పనికి దిగబోయే కుర్ర మాస్టర్ల కోసం నాలుగు ముక్కలు.

1. అంశంగా సొంత ఊరు ఇవ్వండి. ‘ప్రజాస్వామ్యం’ లాంటిది ఇస్తే గైడు చూసి దించేస్తారు. ఊరి గురించైనా తాత చెప్పిన మాట అక్కడ చెల్లదు, జనాభా లెక్కలో గెజిటీరో చూపించాలి. ‘మా తాత అబద్ధమాడతాడా సార్?’ అని అలుగుతారు. అలగనివ్వండి. ఏ మాటకు ఏది సాక్ష్యమో అప్పుడే ఆలోచిస్తారు.

2. ఖాతాలు ముందే ఇళ్ల దగ్గర తెరిపించండి. ఒక ఐపీ చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వరు. ల్యాబంతటికీ ఒకే చిరునామా ఉంటే ఏడోవాడి దగ్గరే బండి ఆగిపోతుంది.

3. 2011లో పుణె కాలేజీల్లో వికీమీడియా ఫౌండేషన్ ఇలాంటి కార్యక్రమమే పెట్టింది. ఇంగ్లీషు వికీపీడియాలో కాపీ పేరాలు కుప్పలు పడ్డాయి. స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులు వాటిని ఏరలేక విసిగిపోయారు. ఆ ఏడాదే ఆపేశారు. పిల్లల్ని తిట్టి లాభం లేదు, నోట్సు దించడమే చదువని వాళ్లకు నేర్పింది మనమే. చదివాక పుస్తకం మూయించి రాయించండి.

4. మామూలు గ్రూపు ప్రాజెక్టులో ఒకడు రాస్తాడు, అయిదుగురి పేర్లుంటాయి. వికీలో ఆ ఆట సాగదు. ఎవరు, ఏ నిమిషంలో, ఏ అక్షరం మార్చారో ‘చరిత్ర’లో ఉంటుంది. అలాగని బైట్లు లెక్కపెట్టి మార్కులు వేస్తే ఊకదంపుడు మొదలెడతారు. తప్పు సంవత్సరాన్ని పట్టుకుని, మూలం వెతికి సరిదిద్దిన పిల్ల చేర్చింది నాలుగు అంకెలే కావచ్చు. నా లెక్కలో నాలుగు పేరాలు పోసినవాడికంటే ఆమెకే ఎక్కువ మార్కులు. ప్రతి మార్పుకూ దిద్దుబాటు సారాంశం రాయించండి, ఎందుకు మార్చారో మీకూ తెలుస్తుంది. చరిత్ర చదవడానికి పేపర్లు దిద్దినంత సమయం పడుతుంది. తీరిక లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

5. క్లాసు ఫస్టు రాసిన వాక్యాన్ని మిగతావాళ్లు ముట్టుకోరు. మొహమాటం, కాస్త భయం. ముందు చర్చ పేజీలో కారణం రాయమనండి, ఆ తర్వాత మార్చమనండి. అవతలివాడు మళ్లీ పాత పాఠమే పెడితే మీరు కలగజేసుకోకండి, కొన్నాళ్లు వాదించుకోనివ్వండి.

6. నెట్టు లేదని మానకండి. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ల్యాబులో ఒక్క కంప్యూటరులో పెడితే చాలు. హైస్కూలు పిల్లలకు నేనైతే ఇదే మేలంటాను, వాళ్ల పేర్లు బయట పడవు.

7. రాసింది ఎవరో తొలగిస్తే గొడవకు దిగకండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది, దాని పద్ధతులు దానికున్నాయి. అందరూ చర్చించుకునే ‘రచ్చబండ’ పేజీలో అడిగితే చెబుతారు.

అన్నిటికంటే ముందు మీరొక ఖాతా తెరిచి, మీ ఊరి పేజీలో ఒక్క తప్పయినా దిద్ది రండి. పిల్లల్ని ఆ తర్వాతే కూర్చోబెట్టండి.