హాస్టల్లో చదివే పిల్లలు – ఆహారం



హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయిలు నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం వంటి బాధలతో మా వార్డుకు వస్తుంటారు. రక్తపరీక్ష చేస్తే చాలాసార్లు రక్తహీనత అని తేలుతుంది. "డిగ్రీ చదువుతోంది కదా సిస్టర్, ఏం తినాలో దానికి తెలియదా?" అని తల్లులు అడుగుతారు.

తెలుసు. కాని తెలియడం వేరు, తినడం వేరు. నర్సింగ్ చదివే రోజుల్లో ఇనుము ఏయే ఆహారంలో ఉంటుందో నేను కంఠతా చెప్పేదాన్ని. ఉదయం మాత్రం టీ తాగి డ్యూటీకి పరుగెత్తేదాన్ని. ఒకరోజు వార్డులోనే కళ్లు తిరిగి కూలబడ్డాను. మా ట్యూటర్ కోప్పడలేదు. "నిన్నటి నుంచి ఏం తిన్నావో రాయి" అన్నారు. రాశాక నాకే సిగ్గేసింది. నన్ను మార్చింది ఆ కాగితమే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గకూడదు.

పిల్లలకు ఇవి నేర్పండి:

1. ఉదయం టిఫిన్ మానకూడదు. సన్నబడాలని పస్తులుండకూడదు.

2. భోజనంతో పాటు టీ, కాఫీ తాగకూడదు. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట తేడా ఉండాలి.

3. పప్పు, ఆకుకూర తినేటప్పుడు నిమ్మరసం పిండుకోవాలి, లేదా జామకాయ తినాలి. వాటిలోని సి విటమిన్ ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

4. మాంసాహారం తినేవారు గుడ్డు, చేప, మాంసం కూడా తీసుకోవాలి.

మీరు చేయవలసినవి:

ఇంటి నుంచి పంపే డబ్బాలో జంతికలతో పాటు వేయించిన శనగలు, నువ్వుల ఉండలు కూడా పెట్టండి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైనా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా రక్తపరీక్ష చేయించండి. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వాడేటప్పుడు మలం నల్లగా రావచ్చు. భయపడి మాత్రలు ఆపవద్దు.

ఫోనులో "తిన్నావా?" అని అడిగితే "ఆఁ, తిన్నానమ్మా" అంటారు. అంతటితో మాట అయిపోతుంది. ఈ రాత్రి "ఏం తిన్నావు?" అని అడగండి. చెప్పింది విని వెంటనే కోప్పడకండి. రేపు కూడా అడగండి. నాలుగు రోజులు చెప్పేసరికి, తాము ఏం తింటున్నారో వారికే తెలిసివస్తుంది.