మగ్గముల నడుమ కంప్యూటరు: వేడికి మదర్ బోర్డు చెడుట, నివారణోపాయములు



మన సంఘములలో జకార్డు డిజైనులను గళ్ల కాగితముపై చేతితో గీయువారు నేడు మిక్కిలి తగ్గిపోయిరి. కంప్యూటరులో గీసి, దానిని బట్టియే అట్టలు కొట్టించుచున్నాము. కూలి లెక్కలు, నూలు నిల్వ పట్టికలు కూడ అందులోనే ఉన్నవి. కావున కంప్యూటరు నిలిచిన దినమున మగ్గము కూడ నిలుచుచున్నది. ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఆ నష్టము కోయంబత్తూరు, మదుర ప్రాంతములలోని తక్కిన మన కుటుంబములకు కలుగకుండుటకై ఈ పాఠము వ్రాయుచున్నాము.

మాకు జరిగినది

గత ఏడాది ఏప్రిల్ నెల చివర మా సంఘపు కంప్యూటరు ఒకే దినమున మూడు మార్లు తనంతట తాను ఆగినది. నాలుగవ మారు మరి వెలుగలేదు. పెట్టె విప్పి చూడగా లోపలి ఫ్యానునకు దూది పీచు కంబళివలె పట్టియున్నది. మదర్ బోర్డుపైనున్న మూడు కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నవి. తప్పులో మా పాలు దాచుట న్యాయము కాదు. కండెలు చుట్టు రాట్నము ప్రక్కనే, రేకుల కప్పు క్రింద, దుమ్ము పడరాదని పైన గుడ్డ కప్పి దానిని నడిపినవారము మేమే.

తరువాత కంపెనీవారి సంగతి. మనకు ఇంట తెలుగు, వీధిలో తమిళము. వారి ఫోనులో ఇంగ్లీషు. ఒకటి నొక్కుము, రెండు నొక్కుము అను యంత్రపు గొంతుకతో పూటంతయు గడచినది. తొమ్మిదవ దినమున వచ్చిన మనిషి పెట్టె చూచి, "దుమ్ము చేరి వేడికి పోయినది, ఇది వారంటీలోనికి రాదు" అని చెప్పి వెళ్లెను. క్రొత్త బోర్డునకు అతడు చెప్పిన వెల క్రొత్త కంప్యూటరు వెలలో సగమునకు మించినది. మా ఉత్తరములకు జవాబు లేదు.

వైగాసి ముహూర్తముల చీరల ఆర్డరు చేతిలో ఉన్నది. ఆరు డిజైనులు ఆ పెట్టెలోనే చిక్కుకొన్నవి. నాలుగు కుటుంబములు పన్నెండు దినములు అట్టలు లేక కూర్చుండిరి. పన్నెండవ దినమున మదురలోని ఒక సోదర సంఘపు కార్యదర్శి ఫోనులో విని నవ్వి, "ఏమన్నా, మగ్గము విరిగితే పడుగు విప్పి పక్క మగ్గానికి ఎక్కించుకోవా? డిస్కు కూడ అంతే" అనినారు. ఆ సాయంకాలమే డిస్కును ఊడదీసి మరియొక కంప్యూటరునకు తగిలించితిమి. ఆరు డిజైనులును భద్రముగా ఉన్నవి. ఈ మాట మొదటి దినముననే తెలిసియుండిన యెడల ఆ పన్నెండు దినముల కూలి పోయెడిది కాదు.

వేడి ఎట్లు చెరుపును

కంప్యూటరులో లెక్క చేయు ముఖ్య భాగము ప్రాసెసర్. అది పనిచేయునప్పుడు వేడెక్కును. దానిపై నున్న లోహపు రెక్కలు ఆ వేడిని గ్రహించును. ఫ్యాను గాలి విసరి దానిని బయటికి తోలును. రెక్కల నడుమ పీచు చేరినచో గాలికి దారి లేదు. చాలా ప్రాసెసర్లు సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద తమ వేగము తామే తగ్గించుకొని, అప్పటికిని వేడి తగ్గకున్న ఆగిపోవును. ప్రాసెసర్ ఇట్లు తన్ను తాను కాపాడుకొనును గాని, దాని ప్రక్కనున్న కెపాసిటర్లకు ఆ ఉపాయము లేదు.

కెపాసిటర్ అనునది విద్యుత్తును క్షణకాలము నిలువ ఉంచి సమముగా అందించు చిన్న డబ్బా. చాలా రకములలో లోపల ద్రవ పదార్థముండును. వేడికి ఆ ద్రవము ఎండిపోవును. నాసిరకమైనచో వాయువు పుట్టి తల ఉబ్బును. దీనికి పనివారు వాడు సూత్రము ఒకటి కలదు: వేడి 10 డిగ్రీలు తగ్గిన ఆయువు రెండింతలగును, 10 డిగ్రీలు పెరిగిన సగమగును.

ఉదాహరణ: 105 డిగ్రీల వద్ద 2,000 గంటలు నిలుచునని వ్రాసియున్న కెపాసిటర్ 85 డిగ్రీల వద్ద 8,000 గంటలు, 65 డిగ్రీల వద్ద 32,000 గంటలు నిలుచును. దినమునకు 8 గంటలు, ఏడాదికి 300 దినములు నడిపిన 2,400 గంటలగును. అనగా 65 డిగ్రీల వద్ద 13 ఏండ్లు. 85 డిగ్రీల వద్ద 3 ఏండ్ల 4 నెలలు మాత్రమే. వస్తువు ఒకటే, ఆయువులో భేదము వేడి వలననే. నేటి బోర్డులలో పెక్కింట ద్రవము లేని కెపాసిటర్లు వచ్చుచున్నవి. అవి ఉబ్బవు గాని వాటికిని వేడి శత్రువే.

ముందు కనబడు గుర్తులు

ఫ్యాను మ్రోత హెచ్చుట. డిజైను తెరచునప్పుడు మందగించుట. మధ్యాహ్నమున ఆగి, చల్లారిన పిదప మరల నడచుట. కెపాసిటర్ తల ఉబ్బుట లేక గోధుమరంగు మరక కనబడుట. వీనిలో ఒక్కటి కనబడినను పని నిలిపి పెట్టె చూపించవలెను.

చేయవలసిన పనులు

1. కంప్యూటరును రాట్నమునకు, గంజి పొయ్యికి దూరముగా వేరు గదిలో ఉంచవలెను. గోడకు జానెడు ఎడముండవలెను. నడచునప్పుడు గుడ్డ కప్పరాదు.

2. నెలకొకమారు ప్లగ్గు తీసివేసి, పెట్టెను బయటికి తెచ్చి, మెత్తని కుంచెతోను బ్లోయరుతోను పీచు తీయవలెను. ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టుకొని ఊదవలెను. పవర్ సప్లయి డబ్బాను మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసినను అందు ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

3. ప్రాసెసర్ పై నుండు థర్మల్ పేస్టు ఏండ్లు గడచిన ఎండిపోవును. తెలిసినవానిచేత మార్పించవలెను.

4. ప్రతి డిజైనుకు రెండు నకళ్లు వేరు వేరు చోట్ల ఉంచవలెను. డిస్కునకు తాళపు సంకేతమున్నచో దానిని సంఘపు పుస్తకములో వ్రాసి ఉంచవలెను.

కంపెనీవారితో వ్యవహారము

వాడుకరిదే తప్పనుట క్రొత్త కాదు. అమెరికాలో డెల్ కంపెనీ 2003 మే నుండి 2005 జూలై వరకు అమ్మిన కోటికి పైగా ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో చెడు కెపాసిటర్ల బెడద ఉండెను. 2005లో ఆ కంపెనీ మరమ్మతులకై 30 కోట్ల డాలర్లు ఖర్చు వ్రాసికొన్నది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు గణితశాఖవారి యంత్రములు చెడినప్పుడు, కష్టమైన లెక్కలు చేయించుట వలననే చెడినవని వారికి చెప్పిరట! ఈ సంగతులు 2010లో కోర్టు పత్రముల వలన పత్రికల కెక్కినవి. లెక్కలు చేయు యంత్రమునకు లెక్కలే హాని యన్నచో, మగ్గమునకు నేత హాని యన్నట్లే గదా!

కనుక మనము కాగితము విడువరాదు. బిల్లు, వారంటీ చీటి, ఫిర్యాదు సంఖ్య, ఫోను చేసిన తేదీ, చెడిన భాగము ఫోటో, ఇవన్నియు ఒక కవరులో ఉంచవలెను. వారంటీ ఉన్నంతకాలము, పెట్టె విప్పి శుభ్రము చేయవచ్చునా అని ముందే వ్రాతపూర్వకముగ అడిగి ఉంచుకొనుడు. జవాబు రానిచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు తెలుగులోనే చెప్పుకొనవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము మన జిల్లా కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చును. 5 లక్షల లోపు వెల గల వస్తువునకు రుసుము లేదు. గడువు 2 ఏండ్లు. వ్యాపారమునకు కొన్నవారికి ఈ చట్టము వర్తించదు గాని, స్వయంగా పనిచేసి జీవనము చేసికొనుటకై కొన్న నేతగాడు అందులోనికి వచ్చును.

మాకు మాత్రము నష్టము తీరలేదు. ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనలేదు; ఫోటో తీయకమునుపే బోర్డు తుడిచితిమి. వట్టి చేతులతో కమిషనుకు పోలేక, సంఘపు నిధినుండి క్రొత్త బోర్డు కొంటిమి. ఇప్పుడు ప్రతి నెల మొదటి శనివారమున, మగ్గము దులిపిన పిదప అదే వరుసలో కంప్యూటరును దులుపుచున్నాము. ఈ శనివారము మీరును మీ పెట్టె విప్పి చూడుడు. ఎంత పీచు వచ్చునో చూచిన పిదప మా మాట మరల చెప్పనక్కరలేదు.