గోదాములో చెక్క కోర్టు

ప్రశ్న: మాది క్రోసూరు. ఖాళీ పత్తి గోదాములో పిల్లలకు విప్పి బిగించుకునే చెక్క బ్యాడ్మింటన్ కోర్టు వేద్దామనుకుంటున్నాం. ఎలా బిగించాలి?

జవాబు: మంచి ఆలోచనండీ, తప్పక వేయండి. గీతల వరకు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. చుట్టూ కదలడానికి మరికొంత జాగా ఉండాలి.

అసలు శత్రువు తేమ. పల్నాడు ఎండలకు చెక్క కుంచించుకుపోతుంది, వానలకు ఉబ్బుతుంది. పలకలు రాగానే బిగించకుండా రెండు మూడు రోజులు ఆ గోదాములోనే ఉంచండి. గచ్చు ఎత్తుపల్లాలు రసమట్టంతో చూసి సరిచేశాకే మందపాటి పాలిథిన్ పట్టా పరవండి. బిగించేటప్పుడు పలక అంచుపై సుత్తితో నేరుగా కొట్టొద్దు, గాడి చిట్లిపోతుంది; మధ్యలో చెక్కముక్క అడ్డుపెట్టి మెల్లగా తట్టండి. గోడ దగ్గర వేలెడు సందు వదలాల్సిందే. కప్పు కారుతుంటే మాత్రం అది బాగుచేయించేదాకా పలకలు కొనొద్దు.