ఎండకు జంకని తంగేడు

వేసవి సెలవుల తరువాత బడి తెరిచేసరికి తోటలో బంతి, చేమంతి ఎండిపోయి వుంటాయి. కాని అనంతసాగరం చుట్టుపక్కల, ఉదయగిరి దిక్కున వున్న రాళ్ళనేలల్లో తంగేడు పచ్చగానే వుంటుంది. దానికి నీరు పోసేవారెవరూ లేరు! మరి దాన్ని మన తోటలోకి తెచ్చుకోలేమా?

దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. లాటిన్‌లో 'ఆరిక్యులా' అంటే చిన్న చెవి. ఆకు మొదట్లో చెవుల్లా వుండే పత్రపుచ్ఛాలను చూస్తే పేరు ఎందుకొచ్చిందో మీకే తెలుస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదే.

ఇప్పుడొక పువ్వును పరిశీలించండి. రేకులు 5, కేసరాలు 10. పైన వున్న 3 కేసరాలు గొడ్డువి. తేనె లేదు. పుప్పొడి వున్న తిత్తులకు కొనలో చిన్న రంధ్రాలు మాత్రమే వుంటాయి. తుమ్మెద పువ్వును పట్టుకొని జుమ్మని అదిరితేనే పుప్పొడి బయటకు రాలుతుంది.

కాయల్లోని గింజలు నాటితే చాలావరకు మొలవవు. చచ్చినవని పారవేయకండి. వాటి పైపొర గట్టిది. నీటిని లోపలికి రానివ్వదు. అన్ని గింజలూ ఒక్క వేసవి జల్లుకే మొలిస్తే, తరువాతి ఎండకు అన్నీ మాడిపోతాయి కదా! అందుకే కొన్ని ముందు, కొన్ని వెనుక మొలుస్తాయి.

చేసి చూడండి: 20 గింజలు తీసుకోండి. పదింటిని గరుకు రాతిమీద, లోపలి పప్పు చెడకుండా, కొద్దిగా రుద్దండి. మిగతా పదింటిని అలాగే వుంచండి. రెంటినీ వేరువేరుగా ఒక రాత్రి నీటిలో నానవేయండి. ఉబ్బినవి ఎన్నో లెక్కపెట్టండి. తరువాత మన్ను, ఇసుక కలిపిన సంచుల్లో అన్నిటినీ సెంటీమీటరు లోతున నాటి, మొలిచిన రోజులు రాసుకోండి.

నెల్లూరు జిల్లాలో ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. ఆ వానలు మొదలుకాగానే, నీరు నిలవని చోట, మీటరు ఎడంగా మొక్కలు నాటండి. మొదటి వేసవిలో మాత్రం వారానికొకసారి నీరు పోయాలి. వేళ్ళు లోతుకు దిగాక ఆ అవసరం తగ్గుతుంది. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుంది. కత్తిరించిన ఆకును పచ్చిరొట్టగా మడిలో తొక్కవచ్చు.

తంగేడు బెరడుతో తోళ్ళు పదును చేస్తారు. అయితే బెరడును చుట్టూ ఒలిస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకు చేరదు, మొక్క చనిపోతుంది. ఎండ చంపలేని మొక్కను కత్తి చంపగలదు. కాబట్టి అడవి మొక్కను పెకలించి తేకండి. నాలుగు కాయలు కోసుకొని, మిగిలినవి అక్కడే వదలండి.