తెరమీది పాఠము - తరగతి పాఠము

"పాఠములన్నియు సెల్‌ఫోనులోనే దొరకుచుండగా బిడ్డను బడికి పంపుట యేల?" అని మా పాఠశాలకు వచ్చు తలిదండ్రులు కొందఱు అడుగుచున్నారు. "ఫోను చేతికిచ్చినచో పిల్లవాడు చెడిపోవును, దానిని బడి గడప దాటనీయకుడు" అని మఱికొందఱు చెప్పుచున్నారు. ఉభయులును బిడ్డల మేలు కోరియే పలుకుచున్నారు. అయినను ఇందేది నిజమో అభిప్రాయములవలన తేలదు, పరీక్షించి చూడవలెను. అట్లు పరీక్షించినవారు దేశదేశములందు కలరు. వారు కనుగొన్న సంగతులలో ముఖ్యమైనవానిని, ఖమ్మము మొదలు భద్రాచలపు అడవుల అంచువరకు గల మన బిడ్డల స్థితితో పోల్చి చూపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా రెండు మాటల యర్థమును తెలిసికొందము. ఉపాధ్యాయుడొక చోటను, విద్యార్థి వేఱొక చోటను ఉండగా ఇంటర్నెట్టు మూలముగా సాగు విద్యకు ఆన్‌లైన్ విద్య యని పేరు. గురువునొద్ద కొంతయు, తెరమీద కొంతయు నేర్చుకొనునట్లు, ఆ రెండును ఒకదానితో నొకటి అతుకునట్లు కూర్చిన దానిని మిశ్రమ విద్య యందురు. బడిలో నాలుగు కంప్యూటర్లుండినంత మాత్రమున అది మిశ్రమ విద్య కాజాలదు. ఉదయము తెరమీద చూచిన భిన్నముల పాఠమును మధ్యాహ్నము గురువు నల్లబల్లమీద కొనసాగింపవలెను. ఎవ డెచ్చట తప్పెనో యంత్రము చూపగా గురువు దానిని చదివి, ఆ పిల్లవానిని దగ్గఱకు పిలిచి చెప్పవలెను. పాలును నీరును కలసినట్లుండవలెను గాని, నూనెయు నీరును ఒక గిన్నెలో పోసినట్లుండరాదు.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. 1975వ సంవత్సరము ఆగష్టు మొదలు 1976 జూలై వరకు మన దేశములో ఆఱు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ పాఠములను పంపిరి. ఆ ఆఱింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమెరికావారి ఉపగ్రహమును ఒక యేడు వాడుకొని మన అంతరిక్ష శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగ మది. పగలు బడి పిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు నడచెను. అందులోనే ప్రాథమికోపాధ్యాయులకు పండ్రెండు దినముల విజ్ఞానశాస్త్ర శిక్షణ జరిగెను. వారు టెలివిజన్ చూచి, రేడియో విని, చేతితో ప్రయోగములు చేసి, దగ్గఱనున్న శిక్షకుని ప్రశ్నించి నేర్చుకొనిరి. మిశ్రమ విద్య యను పేరు లేకున్నను వస్తువదే. పిమ్మట 1982లో ఆచార్య జి. రామిరెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులుగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. అట్టి విశ్వవిద్యాలయములలో భారతదేశమున అదియే మొదటిది. నేడు డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరున నున్నది. అచ్చు పాఠములు, రేడియో ప్రసంగములు, అధ్యయన కేంద్రములో అధ్యాపకునితో ముఖాముఖి, ఈ మూడును కలిపి అది నడచెను.

ఇక మన కన్నులయెదుట జరిగిన గొప్ప పరీక్ష 2020వ సంవత్సరమునాటిది. కరోనా వ్యాధివలన మార్చి నెలలో బడులు మూతపడెను. తెలంగాణ ప్రభుత్వము ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి మూడవ తరగతి మొదలుకొని పై తరగతులవారికి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ అను వాహినులద్వారా పాఠములు చెప్పించెను. పాఠము సిద్ధమైనది, ప్రసారమైనది. అది పిల్లవానిని చేరెనా యన్నదే ప్రశ్న. ఖమ్మము పట్టణములో చేరినంతగా చర్ల, దుమ్ముగూడెము వంటి అడవి మండలములందలి గూడెములలో చేరలేదు. గాలివాన వచ్చినచో కరెంటు పోవును. గుట్ట యెక్కినగాని ఫోను పలుకని చోట్లున్నవి. ఇంటికి ఒక్క ఫోనున్నచో అది తండ్రితో చేనికి పోవును. పిల్లలు ఒక టెలివిజన్ ముందు గుమిగూడి చూచిన ఊళ్లలో, గురువు వారమున కొకమాఱు వచ్చి అభ్యాస పత్రములను దిద్దినచోట చదువు కొంత నిలిచెను. గురువు రాని చోట తెర వట్టి బొమ్మలాటయే యయ్యెను.

దేశపు లెక్కలును ఇదే చెప్పుచున్నవి. విద్యార్థులారా, ఈ లెక్కను మీరే చేయుడు. అసర్ అను వార్షిక సర్వే ప్రకారము పల్లెటూళ్ల బడిపిల్లలలో ఇంట స్మార్టుఫోను గలవారు 2018లో నూటికి 36.5 మంది, 2021లో 67.6 మంది. పెరుగుదల గొప్పదే. కాని ఇంట ఫోనున్న పిల్లలలో నూటికి 26.1 మందికి దానిని ముట్టుటకే అవకాశము లేకుండెను. 67.6లో నూటికి 26.1 వంతున తీసివేయుడు. మిగులునది సుమారు 50. అనగా సగము మందికే ఫోను చదువునకు దొరకినది. దొరకినవారికిని ఎన్ని గంటలు దొరకినదో వేఱు సంగతి. మన పొరుగున నున్న ఛత్తీస్‌గఢ్‌తో కూడ ఐదు రాష్ట్రములలో 2021 జనవరిలో అజీమ్ ప్రేమ్‌జీ సంస్థవారు 16 వేలకు పైగా పిల్లలను పరీక్షింపగా, నూటికి 92 మంది అంతకుముందు తమకు వచ్చియుండిన భాషా నైపుణ్యములలో ఒక్కటియైనను కోల్పోయియుండిరి.

అయినచో తెర పనికిరానిదా? అట్లని తేల్చుటకు వీలులేదు. ఇచ్చట పరిశోధనా పద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. క్రొత్త విత్తనము మంచిదో కాదో తెలియవలెనన్న, రైతు దానిని ఏటియొడ్డు మాగాణిలో చల్లి, పాత విత్తనమును మెట్టలో చల్లి పోల్చినచో ఏమి తేలును? నేల భేదమే తేలును. అట్లే ఫోనున్న పిల్లలకు మార్కు లెక్కువ వచ్చెనన్నచో అది ఫోను ఘనతయో, ఇంటి కలిమియో చెప్పలేము. కావున పరిశోధకులు చీట్లు వేసి పిల్లలను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునకు క్రొత్త పద్ధతిని, రెండవ గుంపునకు పాత పద్ధతిని నడిపి చూతురు. చీటికి కలిమి లేములు తెలియవు.

2010లో అమెరికా విద్యాశాఖవారు బార్బరా మీన్స్ మొదలగువారిచే అనేక పరిశోధనలను జల్లెడపట్టించి, గట్టివానిని ఒకచోట చేర్పించిరి. నూఱుగురు పిల్లలను మార్కుల వరుసలో క్రిందినుండి నిలిపినచో, నడుమ 50వ చోట నుండువాడు మిశ్రమ విద్యవలన సుమారు 64వ చోటికి చేరునని వారి లెక్క. వట్టి ఆన్‌లైన్ విద్యవలన 52వ చోటికి మాత్రమే చేరును. అనగా తరగతి పాఠముతో ఇంచుమించు సమానమే. ఇది చదివి కంప్యూటర్ల వర్తకులు సంతసింతురు గాని, వారు చదువని పేజీ యొకటి కలదు. మిశ్రమ విద్య పొందినవారికి చదువు కాలమును, అభ్యాసములును కూడ ఎక్కువగా దొరకెను. లాభము యంత్రమువలన నని చెప్పరాదని ఆ గ్రంథకర్తలే హెచ్చరించిరి. పైగా పరిశోధనలలో అధికభాగము కళాశాల విద్యార్థులను గూర్చినవి. బడిపిల్లలను గూర్చినవి కొద్ది.

మనకు మిక్కిలి దగ్గఱైనది ఢిల్లీ నగరములో జరిగిన పరీక్ష. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ అను అర్థశాస్త్రజ్ఞులు 619 మంది పిల్లలకు చీట్లు వేసి, చీటి వచ్చినవారిని బడి తరువాత మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు పాఠముల కేంద్రములకు పంపిరి. దినమునకు 45 నిమిషములు కంప్యూటరు, 45 నిమిషములు చిన్న గుంపులో గురువు. నాలుగున్నర నెలలకే గణితమున నడిమి పిల్లవాడు 50వ చోటినుండి 64వ చోటికిని, హిందీలో 59వ చోటికిని చేరెను. ఈ ఫలితములు 2019లో ప్రచురింపబడెను. ఇందలి కీలకము వేఱొక చోట నున్నది. ఆఱవ తరగతి పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడియున్నట్లు మొదటి పరీక్షలోనే తేలెను. ఆ కంప్యూటరు వారికి ఆఱవ తరగతి పాఠము చెప్పలేదు. ఎవని మెట్టు ఎచ్చటనో కనుగొని ఆ మెట్టునుండి ఎక్కించెను. ఏబదిమంది గల తరగతిలో ఒక్క గురువునకు ఇది కష్టసాధ్యము. తెర నిజముగా సహాయపడునది ఇచ్చటనే యని మా నమ్మకము.

దీనికి భిన్నముగా దక్షిణ అమెరికాలోని పెరూ దేశములో పల్లెబడుల పిల్లలకు తలకొక చిన్న కంప్యూటరు పంచిరి. 319 బడులను పరిశీలించి 2012లో వెలువరించిన ఫలితము: గణితమునను భాషయందును మార్పు లేదు.

కంప్యూటరు లేని చోట ఏమి చేయవలెను? ఆఫ్రికాలోని బోట్స్వానా దేశములో 2020లో బడులు మూసినపుడు సుమారు 4,500 కుటుంబములపై ఒక ప్రయోగము జరిగెను. కొందఱికి వారమునకు కొన్ని లెక్కలను సామాన్యమైన ఫోనుకే సందేశముగా పంపిరి. మఱికొందఱికి సందేశముతోబాటు ఉపాధ్యాయుడు వారమున కొకమాఱు సుమారు ఇరువది నిమిషములు ఫోనులో మాటలాడి లెక్క చేయించెను. వట్టి సందేశమువలన చెప్పదగిన ఫలము లేదు; మాటలాడినచోట పిల్లలు నిజముగా ముందుకు పోయిరి. పిదప భారతదేశము, నేపాళము, కెన్యా, ఉగాండా, ఫిలిప్పీన్సు దేశములందు ఇట్లే చేయగా ఫలము ఇంకను హెచ్చుగా కనబడెను. ఇంటర్నెట్టు అక్కఱలేదు, స్మార్టుఫోను అక్కఱలేదు. మీటల ఫోను చాలును.

ఈ సంగతి మన ప్రాంతమునకు ముఖ్యమగుటకు కారణము కలదు. ఇచ్చట పిల్లవాడు బడికి దూరమగుట వ్యాధివలన మాత్రమే కాదు. జనవరినుండి మిరపకోతలు, ఎండలు ముదరగానే ఇప్పపూవు, దాని వెనుక తునికాకు. కుటుంబము పోయినచోటికి బిడ్డయు పోవును. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవిలో గుడిసెలు వేసికొన్నవారి పిల్లల స్థితి యింకను కఠినము. వీరిలో పెక్కుమంది ఇంట మాటలాడునది కోయ భాష. అది గోండీకి సోదరి, తెలుగునకు దూరపు చుట్టము. తెరమీది తెలుగు వేగముగా పరుగెత్తును. అర్థము కాలేదని బిడ్డ చేయెత్తినను ఆగదు. 2004 తరువాత కోయ మొదలగు గిరిజన భాషలలో తెలుగు లిపితో ప్రాథమిక వాచకములు సిద్ధమయ్యెను. ఆ వాచకములను చదివి వినిపించి ధ్వనిముద్రణ చేయుట పెద్ద వ్యయము కాదు. చదివి వినిపింపగల కోయ విద్యార్థులు మన పై తరగతులలోనే యున్నారు.

ఈ యేడు మిరపకోతల వారములలో, చేలకు పోయిన మన విద్యార్థులతో ఉపాధ్యాయులు వారమున కొక దినము రాత్రి 7 గంటల తరువాత ఫోనులో ఇరువది నిమిషములు గణితము చేయింప నిశ్చయించితిమి. పరిశోధనకై చీట్లు వేసి సగము మందిని వదలుట మా చేత కాదు, అందఱితోను మాటలాడుదుము. పోవుటకు ముందొక పరీక్షయు, తిరిగి వచ్చిన పిదప అదే ప్రమాణముగల పరీక్షయు పెట్టి, ఫలములను వచ్చు సంచికలో ప్రకటింతుము. తలిదండ్రులు ఫోను సంఖ్యను, తమ కనుకూలమైన దినమును తరగతి యుపాధ్యాయునకు జనవరి మొదటి వారములోగా తెలుపగోరుచున్నాము. ఫోను లేనివారు తమతో కోతకు వచ్చు పొరుగువారి సంఖ్య నిచ్చినను చాలును.