కర్వ్ సరిపోయింది, కానీ జవాబు?

మొన్న ల్యాబ్‌లో ఒక డేటాకి కర్వ్ ఫిట్ చేయమన్నారు. మోడల్ అంటే మూడు ఎక్స్‌పొనెన్షియల్స్ మొత్తం. ఒక్కోదానికి ఒక గుణకం, ఒక తగ్గే వేగం, వెరసి ఆరు ప్యారామీటర్లు. కోడ్ రన్ చేస్తే కర్వ్ అచ్చంగా చుక్కల మీదే కూర్చుంది. సంబరంగా సార్‌కి చూపించాను. "స్టార్టింగ్ వాల్యూస్ మార్చి మళ్ళీ చెయ్యి" అన్నారు. కర్వ్ మళ్ళీ చక్కగా కూర్చుంది, కానీ ఆరు అంకెలూ మారిపోయాయి! రిపోర్ట్‌లో ఏవి రాయాలి?

ముందు బేసిక్స్ చూద్దాం. ప్రతి పాయింట్ దగ్గర మోడల్‌కీ డేటాకీ ఉన్న తేడాని వర్గం చేసి, అన్నీ కూడి, ఆ మొత్తాన్ని వీలైనంత తగ్గించడమే లీస్ట్ స్క్వేర్స్. మోడల్ నాన్‌లీనియర్ అయితే జవాబు ఒకేసారి రాదు. ఒక ఊహతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా సరిదిద్దుకోవాలి. లెవెన్‌బర్గ్ (1944), మార్క్వార్ట్ (1963) పద్ధతి చేసేది ఇదే.

మరి చిక్కెక్కడ? 1956లో లాంజోష్ తన పుస్తకంలో చూపించిన ఉదాహరణ చూడండి. వేగాలు 1, 3, 5, గుణకాలు 0.0951, 0.8607, 1.5576. ఇది అసలు మోడల్. ఇప్పుడు రెండే ఎక్స్‌పొనెన్షియల్స్ తీసుకుందాం: వేగాలు 1.58, 4.45, గుణకాలు 0.305, 2.202. టైమ్ 0, 0.5, 1 దగ్గర నేను లెక్క వేశాను. రెండు దశాంశ స్థానాలకి రెండు మోడల్స్ ఇచ్చిన విలువలూ ఒకటే: 2.51, 0.38, 0.09. డేటా రెండు స్థానాల వరకే ఉంటే, అసలు ఉన్నవి మూడా రెండా అన్నదే తెలియదు!

కారణం సింపుల్. ఈ కర్వ్‌లు ఒకదానికొకటి చాలా దగ్గరి పోలికలో ఉంటాయి. ఒక ప్యారామీటర్ పెరిగితే మిగతావి సర్దుకుని ఆ మార్పుని కప్పేస్తాయి. జాకోబియన్ మ్యాట్రిక్స్‌లో నిలువు వరసలు దాదాపు ఒకదానిమీద ఒకటి ఆధారపడిపోతాయి.

అందుకే మూడు పనులు చేయండి.

1. వేగాలు తెలిస్తే గుణకాలు మామూలు లీనియర్ లెక్కే. గోలబ్, పెరెయ్రా 1973లో చెప్పిన ఈ దారిలో వెతకాల్సినవి ఆరు కాదు, మూడే.
2. చాలా స్టార్టింగ్ వాల్యూస్‌తో రన్ చేయండి.
3. జాకోబియన్ సింగ్యులర్ వాల్యూస్ చూడండి. పెద్దదానితో పోలిస్తే ఏదైనా మరీ చిన్నగా ఉంటే జాగ్రత్త.

మొదటిది వెతుకులాటని తేలిక చేస్తుంది, అంతే. డేటాలో లేని సమాచారాన్ని ఏ అల్గారిథమూ పుట్టించలేదు. చివరికి నా రిపోర్ట్‌లో ఆరు అంకెలు రాయలేదు. "ఈ డేటాతో ఇవి తేలవు" అని రాసి, ఎందుకో చూపించాను. అది కూడా జవాబే.